స్టోన్‌వాల్ సావర్-బెక్‌మన్ ఫారం: అమ్మానాన్నలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

రవి_రౌండ్‌రాక్:
అమ్మానాన్న వచ్చి రెండు నెలలైంది. గుళ్లు, మాల్స్ అన్నీ చూసేశారు. టెక్సాస్‌లో 290 హైవే మీద జాన్సన్ సిటీ దాటాక, మాజీ ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ పేరిట ఉన్న ఎల్‌బీజే స్టేట్ పార్కులోని సావర్-బెక్‌మన్ ఫారానికి తీసుకెళ్దామనుకుంటున్నాను. జర్మన్ రైతుల పాత ఇల్లు బాగుచేసి, అప్పటి బట్టలు వేసుకున్న సిబ్బంది పాలు పితుకుతూ, వంట చేస్తూ 1915–18 నాటి రోజు ఎలా గడిచేదో చూపిస్తారట. నాన్నది చిలకలూరిపేట దగ్గర పత్తి సేద్యం, ఇంగ్లిష్ రాదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. వాళ్లకు విసుగొస్తుందేమోనని టెన్షన్.

తెనాలి_పద్మ:
తప్పకుండా తీసుకెళ్లండి రవిగారూ. పోయిన మార్చిలో మా అత్తయ్యగారితో వెళ్లాం. వంటింట్లో కట్టెలతో మండే ఇనప పొయ్యి, పక్కన పొడుగు గౌను అమ్మాయి వెన్న తీస్తోంది. అత్తయ్య కాసేపు చూసి, "పెరుగు కాదే, వట్టి మీగడ చిలుకుతోంది. కాసిని చల్లనీళ్లు పొయ్యమను, వెన్న గట్టిపడుతుంది" అన్నారు. నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే ఆ అమ్మాయి లేచి ఆవిడకు కుర్చీ ఇచ్చి, పిడి చేతికిచ్చింది. అక్కడి నుంచి ఇద్దరికీ నా అవసరం పెద్దగా పడలేదు.

తీసిన వెన్నను నీళ్లలో కడిగి, మజ్జిగంతా పోయేదాకా చెక్కతో అదిమి ఉప్పు కలిపారు. "ఇంత వెన్న పెట్టుకుని నెయ్యి కాయరా?" అని అత్తయ్య ఆశ్చర్యపోయారు. పందికొవ్వు, బూడిద నీళ్ల క్షారంతో సబ్బు వండేవారని చెబితే, మా ఊరి చాకిరేవులో చౌడుతో బట్టలు ఉడకబెట్టిన సంగతి ఆవిడ ఎత్తుకున్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ కబుర్లు నేనెప్పుడూ వినలేదు.

ఇంకో మాట. ఆ ఫారాన్ని మొదట నడిపిన సావర్ల ఇంటి ఆడపిల్ల ఒకామె మంత్రసాని. 1908లో ప్రెసిడెంట్ జాన్సన్ పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే. అత్తయ్యకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

శ్రీను_శాన్ఆంటోనియో:
టికెట్ లేదు. నడక తక్కువే, కానీ గడపలు, మెట్లు ఉన్నాయి, అమ్మగారికి చేయి అందించాలి. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, ఆ వంటింట్లో ఏసీ ఉండదు. చలికాలంలో పందిని కోసి మాంసం పొగబెట్టే పని కూడా చూపిస్తారు. శాకాహారులైతే ఆ రోజు కాకుండా చూసుకోండి. పనివేళలు పార్కు పేజీలో ఉంటాయి.

కృష్ణవేణి_ఆస్టిన్:
మాకూ నచ్చింది. కానీ పిల్లలకు మిగతా సగం కూడా చెప్పండి. వలస వచ్చిన జర్మన్లు 1846లో ఆ పక్కనే ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరు కట్టుకునేసరికి ఆ కొండలు కొమాంచీలనే ఆదివాసులు తిరిగే నేల. మరుసటి ఏడాది వాళ్లతో ఒప్పందం చేసుకున్నాకే కుదురుకున్నారు. వీలైతే వాషింగ్టన్-ఆన్-ది-బ్రాజోస్‌లోని బారింగ్టన్ ఫారం కూడా చూడండి. టెక్సాస్ విడి దేశంగా ఉన్నప్పటి చివరి అధ్యక్షుడు ఆన్సన్ జోన్స్ ఇల్లు అది. ఎడ్లతో పని చేయించి చూపిస్తారు. బానిసల గుడిసెలు కూడా మళ్లీ కట్టి పెట్టారు. పత్తి ఎవరి చేతుల మీద పండిందో దాచలేదు. మా అబ్బాయి ఆ గుడిసెలో చాలాసేపు నిలబడిపోయాడు.

ఒంగోలు_బాబాయ్:
హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లకు రిచ్‌మండ్‌లో జార్జ్ రాంచ్ ఉంది. పశువులకు పట్టిన పిడుదులు వదిలించడానికి వాటిని మందునీళ్ల తొట్టిలో ఈదించేవారు. ఆ పని అక్కడ చూశాను. ఒకప్పుడు ఆ పిడుదుల జ్వరంతో పశువులు కుప్పకూలేవి. దాన్ని తట్టుకుంటాయనే మన మూపురం పశువులను తెప్పించుకున్నారు. 1906లో పియర్స్ రాంచ్ వాళ్లు ఇండియా నుంచి దించారు. అలా వచ్చిన పశువుల నుంచి ఇక్కడ పెంచిన బ్రాహ్మన్ అనే జాతిలో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. ఒంగోలు పశువులను ఇక్కడ నెల్లూర్ అంటారు. మీ నాన్నగారికి దారిలో మూపురం ఆవు కనిపిస్తే కారాపి చూపించు బాబూ.

రవి_రౌండ్‌రాక్:
వెళ్లొచ్చాం, అందరికీ చాలా థాంక్స్. అమ్మ కోళ్లగూడు దగ్గర నుంచి కదల్లేదు. నాన్న మాత్రం ఇంటి ముందు ఆగిపోయారు. పాత రాతిగది పక్కన, గోడలకు అచ్చురేకు తొడిగిన పెద్ద ఇల్లు అది. 1915లో పత్తి బాగా పండితే, సావర్ల తర్వాత ఫారం తీసుకున్న బెక్‌మన్ ఆ ఇల్లూ, కొత్త కొట్టమూ కట్టాడని అక్కడి పెద్దాయన చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. నాన్న రేకు మీద చేయి వేసి, "ఒక్క పంటకే?" అన్నారు. కాసేపాగి, మా వసారా, ముందు గది కూడా నేను పుట్టిన ఏడాది పత్తి డబ్బుతోనే లేపామన్నారు. ఆ తర్వాతి ఏడు పురుగుపడి పంటంతా పోయిందట. పెద్దాయన అదంతా నా నోట విని, "మరి అప్పు?" అని అడిగారు. నాన్న లెక్క చెప్పడం మొదలుపెట్టారు. మేం ఫారం మూసే వేళకు బయటపడ్డాం.