అప్‌డేట్: ఇంటి డీఎన్‌ఏ పరీక్ష, మేనమామగారి మత్తుమందు సంగతి

మా మేనమామగారు హెర్నియా ఆపరేషన్ తరువాత గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయారనీ, అయినా లాలాజలంతో నేను చేయించుకున్న డీఎన్‌ఏ పరీక్షలో ఏ లోపమూ లేదని వచ్చిందనీ, దానిని నమ్మవచ్చా అనీ ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఇటువంటి కిట్లు ఎంపిక చేసిన కొన్ని జన్యుమార్పులనే, అందులోనూ ఎక్కువగా ఐరోపా మూలాల వారిలో కనిపించేవాటినే చూస్తాయని, మా ఆర్యవైశ్యులలో ఎక్కువగా ఉండే సూడోకోలినెస్టరేజ్ లోపం నా నివేదిక జాబితాలోనే లేదని జన్యు సలహాదారు వివరించారు. ఆపరేషన్‌లో ఊపిరి కండరాలతో సహా ఒంటి కండరాలను సడలించే సక్సినిల్‌కోలిన్ మందును రక్తంలో విడగొట్టేది ఈ ఎంజైమే. అది లేనివారిలో నిమిషాలలో తగ్గవలసిన ప్రభావం గంటలపాటు నిలుస్తుంది. ఈ ఎంజైమును కొలిచే మామూలు రక్తపరీక్షలోనే అమ్మకు అది దాదాపు లేదని తేలింది. ఆమె మోకాలి ఆపరేషన్ కేసు షీటు పైభాగాన మత్తు డాక్టరుగారు ఎర్ర సిరాతో ‘సక్సినిల్‌కోలిన్, మివాక్యూరియం వాడరాదు’ అని రాసి (రెండోదీ ఇదే ఎంజైముతో విడిపోయే మందే), అవసరమైతే వాటి బదులు ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం ఇస్తామన్నారు.

డీఎన్‌ఏ నివేదికలోని వంశమూలాల విభాగం మాత్రం నిరాశే. పెనుగొండనూ 102 గోత్రాలనూ చెప్పుకునే మాకు ‘దక్షిణ భారతం’ అన్న ఒక్క ముక్క కొత్తేమీ కాదు. తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకున్న కులాలలో దూరపు చుట్టాలు కూడా దగ్గరివారిగా కనిపిస్తారట. నివేదికతో వచ్చిన బంధువుల పొడవాటి జాబితాను అందుకే పక్కన పెట్టాను.

తల్లిదండ్రులిద్దరి నుంచీ మారిన జన్యువు వస్తేనే తీవ్రమైన లోపం కలుగుతుంది. నా భార్య కూడా ఆర్యవైశ్యురాలే కాబట్టి ఆమెకూ పిల్లలకూ ఇదే రక్తపరీక్ష చేయిస్తున్నాము.