గుండె రోగుల ఇంటివాళ్లకు ఆన్‌లైన్ సాయం: ముందు ఎవరిని కూర్చోబెట్టాలి?

నాగావళి గట్టు:
హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా నెట్టలేని జబ్బు) ఉన్నవాళ్లని ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పనికొచ్చే యాప్ తయారవుతోంది. మొదటి తెర గీయకముందే ఇంటివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాలన్నది నా పట్టు. అయిదారు ఇళ్లు చాలు. ముందు వాళ్ల రోజెలా గడుస్తుందో వినాలి, తర్వాత కాగితం మీద తెరలు గీసి చూపాలి, ఆపైన రెండు వారాలు వాడించి ఎక్కడ ఆగిపోయారో చూడాలి.

బొబ్బిలి కోట:
కూర్చోబెట్టి ఏటడుగుతారండీ? పొద్దున్నే మూత్రానికెళ్లొచ్చాక, టిఫినుకి ముందు, ఒకేరకం బట్టల్లో, ఒకే మిషను మీద బరువు చూడాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, డాక్టరుకి ఫోను చెయ్యాలి. ఇది కార్డియాలజిస్టు రాస్తారు, ఇంటివాళ్లు పాటిస్తారు.

నాగావళి గట్టు:
మిషను ఎక్కడ పెడతారు? ఎగుడుదిగుడు మట్టినేల మీద, గోనె మీద పెడితే అంకె నిలవదు. నిలబడలేని మనిషి గోడ పట్టుకుంటే బరువు తక్కువ చూపిస్తుంది. నీరు చేరుతున్నా యాప్ "బాగుంది" అంటుంది.

బొబ్బిలి కోట:
కింద చెక్క పలక వెయ్యమనండి. దానికి సమావేశమెందుకు?

ఉద్దానం కొబ్బరి:
మిషను వదిలేయండి. యాప్ నమూనా పేజీలో "మామూలు ఉప్పు బదులు లో సోడియం ఉప్పు" అని ఉంది. అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు; కిడ్నీ దెబ్బతింటే పొటాషియం బయటికి సరిగ్గా పోదు. పైగా గుండెకి వాడే స్పైరనోలాక్టోన్ బిళ్ల కూడా పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతుంది. రక్తంలో అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ పేజీ డాక్టర్లు రాసిందే కదా?

బొబ్బిలి కోట:
ఆ వాక్యం తీయిస్తాను. కానీ తప్పు పట్టింది వైద్యం తెలిసిన మీరు, ఇంట్లో కోడలు కాదు.

వంశధార:
కోడలు పట్టేది వేరే ఉంది. ఉప్పంటే కూరలో వేసిందే అనుకుంటున్నారు మీరు. ఎండుచేప, ఆవకాయ, అప్పడం అన్నిట్లోదీ కలిపి ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక్క టీ చెంచాడు. చద్దన్నంలోకి ఎండుచేప లేకపోతే ముసలాయన ముద్ద ముట్టడు. అక్కడ ఏం పెట్టాలో యాప్ చెప్పాలి.

బొబ్బిలి కోట:
ఇలాంటి సమావేశాలు చూసి విసిగిపోయాను. ఆడవాళ్లని పిలుస్తారు, పక్కనున్న మగవాళ్లే జవాబిస్తారు.

నాగావళి గట్టు:
మరి వాళ్లని విడిగా, వంటపని అయ్యాక మధ్యాహ్నం మూడింటికి పిలవాలి. మీ లాగిన్ కూడా అంతే కదా! ఓటీపీ హైదరాబాదులో ఉన్న కొడుక్కి పోతుంది. రాత్రి రెండు గంటలకి ముసలాయన ఊపిరాడక లేచి కూర్చుంటే చూసేది కోడలు.

బొబ్బిలి కోట:
డబ్బు కొడుకుది, విశాఖ తీసుకెళ్లాలా వద్దా అన్న నిర్ణయమూ అతనిదే. ఆవిడ చేతిలో పెడితే కంగారులో ఇంకో లాసిక్స్ బిళ్ల (ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి ఇచ్చేది) వేసేస్తుంది. బీపీ పడిపోతే ఎవరిది పూచీ?

ఏరువాక:
అసలు గొడవ ఇదన్నమాట.

నాగావళి గట్టు:
అయితే అదే మొదటి తెర మీద పెద్దక్షరాల్లో రాయండి, పక్కన ఆడియో కూడా పెట్టండి: "బిళ్ల మీరుగా పెంచొద్దు. పడుకుంటే ఊపిరాడకపోతే కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యండి. కొడుకుని అడిగేదాకా ఆగొద్దు."

బొబ్బిలి కోట:
చివరి వాక్యం నేను ఒప్పుకోను.

వంశధార:
ఆ వాక్యం కోసమే వాళ్లని కూర్చోబెట్టమంటున్నాం.

బొబ్బిలి కోట:
ఓటీపీకి రెండో నంబరు పెట్టిస్తాను. కొడుకు నంబరు మాత్రం తీయను.