సమస్య: చీకటయ్యె వెలుగు చేరి వెలుగు

నిర్వాహకుడు: పాదం పైనే ఉంది. విరహాలూ దీపాలూ ఈసారికి వద్దు, ఆకాశమంతా నిండి వెలుగు అలలను మోస్తుందని ఒకప్పుడు నమ్మిన ఈథరు వేట మీదే పూరించండి: వెలుగును రెండు దారుల్లో పంపి, మళ్లీ కలిపి, ఏర్పడే చీకటి పట్టె జరుగుతుందేమో చూసిన మైకెల్సన్, మోర్లీల ప్రయోగం. పోయినవారం "పరుగు లిడెడి పుడమి పాదుకొనియె" వేడి ఇంకా చల్లారలేదుగా!

మందాకిని:
గాజు పలక చీల్చ గతులు రెండుగ మారి
యద్దములను దాకి యరుగుదెంచి
యరతరంగమంత యంతర మేర్పడి
చీకటయ్యె వెలుగు చేరి వెలుగు

గండపెండేరం: అరతరంగం అనగానే సమస్య విడిపోయింది, భేష్: అల ఎత్తు మీద అల పల్లం పడితే చీకటే కదా. కానీ ఈథరేదమ్మా? నా పూరణ:
ఈథరను కడలిని నీదెడి ధర వేగ
మెంతొ తెలియు ననుచు నెదురుచూచి
పలక తిప్పినంత పట్టె కదలదాయె
చీకటయ్యె వెలుగు చేరి వెలుగు

ముక్కుసూటి: రెండో పాదంలో "మె"కి "నె" యతా?

గండపెండేరం: స్వరయతి అండీ. వేగము+ఎంతొ, అనుచున్+ఎదురు. పోయినవారం పద్యంలో మోర్లీని "మోరిలీ" అని సాగదీసినవారా యతి గురించి అడిగేది!

ముక్కుసూటి: పోయినవారం మీరు 1881 పోట్స్‌డాం ప్రయోగంతోనే ఈథరును పాతిపెట్టేశారు. అప్పటికి మైకెల్సన్ భూమి పోయే దిక్కుకు అడ్డంగా పోయొచ్చే కిరణానికి దారి పెరుగుతుందన్నది వదిలేశాడు, రావలసిన తేడా రెట్టింపుగా లెక్కకొచ్చింది. గట్టిగా నిలబడ్డది 1887 క్లీవ్‌లాండ్‌ది: పరికరాన్ని మోస్తూ పాదరసం మీద తేలే ఇసుకరాయి పలక, అద్దాల మధ్య అటూ ఇటూ తిప్పి 11 మీటర్లు చేసిన దారి. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతోంది కనుక, పలక తిప్పితే పట్టె తన వెడల్పులో 0.4 మేర జరగాలి. 0.02 కూడా జరగలేదు.

ఇక మీ పద్యం. విషయమంతా మూడో పాదంలోనే అయిపోయింది, నాలుగోది వచ్చి ఊరికే తగులుకుంది. భూమి పోతుంటే ఎదురు వీచాల్సిన ఈథరు గాలి ఉన్నా లేకున్నా చీకటి పట్టె పుడుతుంది కదా!

మందాకిని: మూడో పాదం మారిస్తే అతుకుతుంది:
పలక తిప్ప మున్ను పడినట్టి చోటనే
చీకటయ్యె వెలుగు చేరి వెలుగు

నిర్వాహకుడు: ఆహా! ఆ "నే"లో ఉంది ప్రయోగమంతా. ఈ వారానికి ఇదే మేటి.

గండపెండేరం: పాదం తీసుకుంటున్నాను మందాకిని గారూ, మీ పేరు వేసి మరీ. మోరిలీని మాత్రం ఒప్పుకోను.

ముక్కుసూటి: రెండు గురువుల మోర్లీని సూర్యగణంలో (గురులఘువులు గానీ మూడు లఘువులు గానీ) ఎలా కూర్చోబెట్టమంటారు?

గండపెండేరం: సూర్యగణం ఎందుకు? "మోర్లీయు" అనండి, తగణం. ఇంద్రగణాల చోట హాయిగా కూర్చుంటాడు.