బీథోవెన్ 132 మూడో భాగం: ఇది కల్యాణేనా?

కాజీపేట పోరడు:
హనుమకొండలో కొన్నాళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా, ఇప్పుడు వినడమే ఎక్కువ. బీథోవెన్ ఎ మైనర్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, సెల్లో కలిసి వాయించేది), ఓపస్ 132 (ఆయన రచనల్లో నంబరు), క్వార్టెట్టో ఇటాలియానో వాళ్లు వాయించింది వింటున్నా. మూడో భాగం దాటి ముందుకు పోబుద్ధి కావట్లేదు. ఎఫ్‌ని షడ్జం (స) అనుకుంటే ప్రతిమధ్యమం (పై మ) పడుతోంది, అంటే స్వరాలు మన కల్యాణి రాగానివే, కానీ గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, తాళం చేతికి దొరకదు, పావుగంట పైనే సాగుతుంది. మొదటి వయొలిన్‌నే పట్టుకుని పోతే మిగతాదంతా మిస్సవుతున్నట్టుంది. మీరెలా వింటారు?

రాగమాలిక:
తమ్మీ, కల్యాణి అని ఫిక్సయిపోకు. తంబురా లేదు కదా, షడ్జం ఇదీ అని గట్టిగా పట్టి ఉంచేది ఏదీ లేదు, కాసేపటికి చెవి సి స్వరం మీదికి జారుతుంది, అప్పుడు అవే స్వరాలు శంకరాభరణం. గ్రహభేదమే అనుకో, అంటే షడ్జం మారగానే అవే స్వరాలు వేరే రాగం అయిపోవడం. నాకైతే ఆ ఊగిసలాటే ఇష్టం. 1825లో బీథోవెన్ పెద్ద జబ్బు నుంచి లేచాక రాశాడు, కోలుకున్నవాడు దేవుడికి చెప్పే కృతజ్ఞత అని పైన రాశాడు కూడా. మధ్యలో డి మేజర్ అనే వేరే స్వరవరస వచ్చేసరికి ఊపు మారుతుంది చూడు, మంచం పట్టినోడు మొదటిసారి వాకిట్లోకి నడిచినట్టు.

అడుగు తీగ:
రాగం సంగతి సరే, చెవి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఆ నెమ్మది పాట మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఊరికే విను. రెండోసారి పాటంతా మొదటి వయొలిన్‌దే, అప్పుడు దాన్ని వదిలేసి కింద ముగ్గురు ఏం అల్లుతున్నారో విను, ముఖ్యంగా వయోలా. మూడోసారికి పాటలో మిగిలేది మొదటి పాదమే, దాని చుట్టూ చిన్న ఎత్తుగడ నలుగురి చేతుల్లోనూ తిరుగుతుంది, ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు అని చూస్తే చాలు. ఇంకోటి, ఫోన్ స్పీకర్లో వినొద్దు. సెల్లో వాద్యం అడుగు తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్‌లో అది దాదాపు రాదు.

పాత రికార్డులు:
బుష్ క్వార్టెట్ అనే బృందం 1937లో ఇచ్చిన రికార్డింగ్ కూడా విను. గరగర ఉంటుంది, ఒప్పుకుంటా. అప్పటి 78 రికార్డుకి (నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ ప్లేటు) ఒక వైపు నాలుగైదు నిమిషాలు దాటేది కాదు, ముక్కలు ముక్కలుగా వాయించాలి, అయినా ఎక్కడా తొందర కనిపించదు.

అడుగు తీగ:
కొత్తగా వినేవాళ్లకి గరగరతో మొదలుపెట్టించకండి సార్, ముందు ఇటాలియానోనే రెండుసార్లు విననివ్వండి.

కాజీపేట పోరడు:
హెడ్‌ఫోన్స్ పెట్టి రెండోసారి వచ్చే పాట విన్నా. సెల్లో బాగా తెలిసింది, కానీ రెండో వయొలిన్ ఏదో వయోలా ఏదో ఇంకా తికమకే అన్నా.

అడుగు తీగ:
వయోలా వయొలిన్ కన్నా ఒక పంచమం (స నుంచి ప దాకా ఉన్న దూరం) కిందికి దిగుతుంది. వీడియో దొరికితే విల్లు చూస్తూ విను, ఇట్టే తెలిసిపోతుంది.