గుర్రాలతో ఆర్వీ ప్రయాణం: రాత్రిపూట వాటిని ఎలా ఉంచుతారు?

ప్రశ్న:
మాకు రెండు గుర్రాలు, రెండూ నెమ్మదైనవే. ఈమధ్యే ఆర్వీ, అంటే లోపలే వండుకుని పడుకునే మోటార్ హోమ్, తీసుకున్నాం. దానికి గుర్రాల ట్రైలర్ తగిలించుకుని, అడవిదారుల పక్కన నాలుగు రాత్రులు క్యాంపు వేయాలని ఉంది. సవారీ కొత్త కాదు గానీ వాటితో బయట రాత్రి గడపడం ఇదే మొదలు. "చెట్టుకు కట్టేస్తే సరి" అంటున్నారు మావారు. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు.

జవాబు 1:
ముందు బండి సంగతి చూడండి. చూడ్డానికి పెద్దగా ఉంది కదా అని ఎంతైనా లాగేస్తుందనుకోవద్దు. చాలా మోటార్ హోమ్‌ల హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) పరిమితి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలే. గుర్రానికి 500 కిలోలు వేసుకుని, ఖాళీ ట్రైలర్, గడ్డి, జీన్లు, నీళ్లు కలిపి చూడండి. పైగా గుర్రం కదిలే బరువు, మలుపుల్లో బండిని ఊపేస్తుంది. అన్నీ ఎక్కించి ఒకసారి వేబ్రిడ్జి మీద తూచాకే బయల్దేరండి.

జవాబు 2:
నమ్మకం కుదరకపోవడమే మంచిదైంది. మొదటి క్యాంపులో నేనూ చెట్టుకే కట్టాను. మా ఆడగుర్రం చీకటి పడేదాకా బుద్ధిగా నించుంది. రాత్రి మూడింటికి దబ్బు దబ్బుమని చప్పుడు. టార్చి వేసి చూస్తే ముందుకాలికి, గిట్టకు కాస్త పైన, తాడు రెండు మెలికలు పడి ఉంది. లాగినకొద్దీ బిగుస్తోంది. నేను వేసింది ఒక్క లాగుతో ఊడొచ్చే ముడే, కానీ అది లాగి లాగి దాన్ని రాయి చేసేసింది. కత్తేమో ఆర్వీలో, వంటింటి సొరుగులో! అప్పట్నుంచి కత్తి నా నడుముకే ఉంటుంది. తాడు ఒరుసుకుని లేచిన తోలు మానడానికి నెల పైనే పట్టింది. చెట్టు గతీ అంతే. వేళ్లు బయటపడేలా తవ్వింది, బెరడు కొరికింది.

ఇప్పుడు హైలైన్ కడుతున్నాను. రెండు గట్టి చెట్ల మధ్య, సుమారు 7 అడుగుల ఎత్తున, వదులు లేకుండా ఒక తాడు. చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి దానికే తాడు కడితే బెరడు కోసుకుపోదు. ఆ పై తాడు నుంచి హాల్టర్ (గుర్రం తలకు వేసే పట్టీ) తాడు వేలాడుతుంది. గుర్రం మూతి కింద వేసిన గడ్డిని అందుకోవాలి, తాడు మాత్రం నేలను తాకకూడదు. జానెడు ఎక్కువైతే మళ్లీ నా కథే. ఒకదాని తాడు ఇంకోదానికి చుట్టుకోనంత ఎడం ఉంచండి. ఇదంతా ముందు ఇంటిదగ్గర పది రాత్రులు చేయండి, అడవిలో నేర్పుదామంటే కుదరదు. కరెంటు కంచె కూడా అంతే. దాని దెబ్బ తెలిసిన గుర్రమే దాన్ని లెక్కచేస్తుంది, బెదిరిన గుర్రం అదీ చేయదు.

ప్రశ్న అడిగినవారు:
మావారికి చదివి వినిపించాను, కత్తి వెతకడం మొదలుపెట్టారు. మరి నీళ్లు? పెద్దది కొత్తచోట నీళ్లు ముట్టదు.

జవాబు 3:
అది మామూలే. రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగే జంతువు, వాసన తేడాగా ఉంటే మానేస్తుంది. నీళ్లు తగ్గితే మేత పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, గుర్రానికేమో వాంతి చేసుకునే వీలు లేదు. వారం ముందునుంచే నీళ్లలో కాస్త యాపిల్ రసం కలిపి అలవాటు చేయండి, అక్కడా అదే కలపండి. దారిలో నాలుగు గంటలకోసారి ఆగి, తల కిందికి వంచుకోనివ్వండి. తల పైకి కట్టేసి గంటల తరబడి ఉంచితే దుమ్ము, కఫం బయటికి పోక ఊపిరితిత్తులకు చీము పట్టే ప్రమాదం ఉంది. క్యాంపు చుట్టూ గన్నేరు ఉందేమో కూడా చూడండి, ఎండిన ఆకైనా విషమే.

జవాబు 2 రాసినవారు:
ఒకటి మర్చిపోయాను. హైలైన్ మీద తడి తువ్వాళ్లు ఆరేయకండి. గాలికి అవి లేచినప్పుడు రెండు గుర్రాలూ ఒకేసారి వెనక్కి గుంజాయి. ఆరేసింది ఎవరో చెప్పను, మా ఇంట్లోవాళ్లే.