బండ వేడి తెలియని కాలికి రాత్రిపూట మంటలెందుకు?

కొర్లగుంట కుర్రోడు:
పోయిన నెల కత్తిరి ఎండల్లో నాయనను కొండకు తీసుకుపోయాను. దర్శనమై బయటికొచ్చేసరికి ఒంటిగంట. తెల్లరంగు పూసిన దారంతా జనం, పక్క బండల మీద దిగాం. నాలుగడుగులకే నేను గెంతులు. నాయన మాత్రం లడ్డూ సంచి చంకలో పెట్టుకుని పెళ్ళివారింటికి పోతున్నట్టు నిదానంగా నడిచాడు. "గోవిందా అనుకుంటే ఏమీ కాదురా" అన్నాడు. నేనూ భక్తే అనుకున్నా. తెల్లారి చూస్తే రెండు అరికాళ్ళకూ బొబ్బలు! షుగర్ వచ్చి పదహారేళ్ళు. వింత ఏమిటంటే, ఈయనే రోజూ రాత్రి అరికాళ్ళు మంటలని తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటాడు. నిప్పులాంటి బండ తెలియని కాలికి, ఫ్యాన్ కింద మంచం మీద మంట ఎక్కణ్ణుంచి వస్తుంది? నటిస్తున్నాడని మా అన్న అంటాడు.

చిత్తూరు జువాలజీ మాస్టారు:
నటన కాదు, మీ అన్నకు చెప్పండి. తాకిడిని, అదురును పట్టడానికి చర్మంలో గుళికల్లాంటి ఏర్పాట్లున్నాయి. వేడికీ నొప్పికీ అవేమీ లేవు, ఒట్టి నరాల కొసలే. ఆ కొసల పొరలో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ వాకిలిలా ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకుని కాల్షియం, సోడియం లోపలికి వదులుతుంది, నరం కబురు పంపుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీన్ని పట్టుకున్నది మిరపకాయలోని కారం పదార్థంతోనే. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది, తాకిడి సంగతి తేల్చిన పటపూటియన్‌తో కలిపి. నిప్పుకీ గొడ్డుకారానికీ మనం 'మంట' అనే ఒకే మాట వాడతాం కదా, నరానిదీ అదే లెక్క.

ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేవి పొడవాటి నరాలు, అంటే పాదాలవి. చర్మంలో కొసలు పోతే బండ వేడి చెప్పేవాళ్ళుండరు. పైన మిగిలిన నరం మాత్రం ఊరుకోదు, ఏమీ తగలకుండానే కబుర్లు పంపుతుంది. మా ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ వానలో తీగ తడిస్తే ఎవరూ చేయకుండానే మోగేది. అట్లా.

బైరాగిపట్టెడ:
బొబ్బలకు టూత్‌పేస్టు పూయండి, చల్లగా ఉంటుంది.

స్టాఫ్ నర్సు అక్క:
దయచేసి పూయొద్దు. ఆ చల్లదనం పుదీనా సత్తుది. చల్లదనాన్ని పట్టే వాకిలిని అది ఊరికే తెరుస్తుంది, కాలిన చోటు చల్లబడదు. బొబ్బలు చిదమొద్దు, ఈరోజే డాక్టరుకు చూపించండి. షుగర్ కాలికి చిన్న పుండు కూడా చిన్నది కాదు.

పాదానికి నైలాన్ పోగు ఆనించి చూస్తారు, 10 గ్రాముల ఒత్తిడికి వంగేది. ఎముక మీద 128 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి అదురు తెలుస్తుందా అని అడుగుతారు. ఇవి తెలిసినా వేడి తెలుస్తుందని కాదు. వేడి, నొప్పి వేరే సన్న నరాల్లో పోతాయి, కాబట్టి అది కూడా విడిగా చూడమనండి. స్నానం నీళ్ళు ఆయన్ను కాలితో చూడనివ్వొద్దు, మీ మోచెయ్యి పెట్టి చూడండి.

కొర్లగుంట కుర్రోడు:
నిన్న చూపించాం అక్కా. కళ్ళు మూసుకోమని పోగు ఆనిస్తుంటే నాయన ప్రతిసారీ "ఆఁ, తెలుస్తా ఉంది" అన్నాడు. ఆనించనప్పుడు కూడా. డాక్టరు నా వైపు చూసి నవ్వలేదు. కుడి బొటనవేలి దగ్గర అసలు తెలియదట. మంటలకు మాత్ర రాశారు. అన్న ఏమీ మాట్లాడలేదు, సాయంత్రం మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చి గడప దగ్గర పెట్టాడు.