ఎన్‌సీవీ నార్మల్, అయినా చెయ్యి చిక్కిపోతోంది

రాజోలు:
నాన్నగారికి 58 ఏళ్లండి. కొబ్బరికాయలు వలిచే పని. సంక్రాంతి నుంచి కుడిచేతి పట్టు తప్పుతోంది, బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. తిమ్మిరి లేదు, నొప్పి లేదు. ఒకచోట ఎన్‌సీవీ (నరానికి చిన్న షాక్ ఇచ్చి సంకేతం వేగం చూసే పరీక్ష) చేసి నరాలు బాగున్నాయన్నారు. మెడ అరుగుదల అనుకుని నాలుగు నెలలు కాలర్ వాడాం. ఇప్పుడు న్యూరాలజిస్టు ఈఎంజీ (కండల పరీక్ష) కావాలంటున్నారు. మళ్లీ కరెంటు పెట్టించాలా?

భీమవరం:
చేయించండి. మా అమ్మకు రెండూ చేశారు. షాక్ ఇచ్చేది ఎన్‌సీవీలోనే. ఈఎంజీలో సన్నటి సూది కండలో గుచ్చి, ఊరికే ఉన్నప్పుడూ బిగించినప్పుడూ వచ్చే సిగ్నల్ చూస్తారు. చెయ్యి, కాలు, వీపు అయ్యాక నాలుకకు కూడా పెట్టారు. అక్కడ అమ్మ ఏడ్చేసింది. పక్కన మనిషి ఉండాలి, మీరే వెళ్లండి.

కాకినాడ, ఫిజియో:
డాక్టరు అనుమానం బహుశా మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండలను కదిలించే నరకణాలు దెబ్బతినే జబ్బు. అందులో స్పర్శ నరాలు సాధారణంగా బాగానే ఉంటాయి. మొదట్లో ఎన్‌సీవీ నార్మల్ రావచ్చు, దాంతో ఊరట పడి ఆగిపోకూడదు. బలం తగ్గినట్టు ఇంకా తెలియని కండలో కూడా సూదికి తేడా దొరుకుతుంది. ఈ జబ్బును నిర్ధారించడానికి వాడే 2008 నాటి అవాజీ ప్రమాణాలు ఆ తేడాకు, డాక్టరు పరీక్షించి చూసిన లక్షణంతో సమానమైన విలువ ఇచ్చాయి. అయినా ఈ ఒక్క టెస్టుతో జబ్బు పేరు ఖాయం చేయరు, మెడ ఎమ్మారై, రక్త పరీక్షలు కూడా చూస్తారు.

ఇంకోటి అడగండి. ఎన్‌సీవీ మణికట్టు దగ్గరే చేశారా, చంక దాకా చూశారా? మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే ఇంకో నరాల జబ్బు కూడా ఇలాగే, తిమ్మిరి లేకుండా చేతిలో మొదలవుతుంది. అందులో నరం మధ్యలో ఎక్కడో సంకేతం ఆగిపోతుంది. దానికి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఇస్తే చాలామందికి బలం తిరిగి వస్తుంది. అది వదిలేస్తే చాలా అన్యాయం.

తణుకు:
ఆ రోజు ఒంటికి నూనె, క్రీము రాయొద్దండి. పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. చెయ్యి చల్లబడితే నరం వేగం తక్కువ చూపిస్తుంది. ఏసీ గదిలో దుప్పటి కప్పి ఉంచండి.

రాజోలు:
సోమవారం తీసుకెళ్తున్నానండి. మీ మాటలు చదివి రాత్రి నాన్నగారిని మళ్లీ అడిగాను. ఎడమ తొడలో కండ అదురుతోందట, నెల రోజులైందట. ఎవరికీ చెప్పలేదు. అది కూడా కాగితం మీద రాసుకున్నాను.